లేబర్ రూమ్‌లో కొత్త పీజీ: గైనిక్ రెసిడెంట్లకు మూడేళ్ల శిక్షణ ఎలా నడపాలి

నేను మొదటి ఏడాది పీజీగా, అంటే గైనిక్‌లో పైచదువు చదివే డాక్టర్‌గా ఉన్నప్పుడు, వేరే జిల్లాలో, ఒక రాత్రి సముద్రం ఒడ్డు పాలెం నుంచి ఒక అమ్మాయి రెండో కాన్పుకు వచ్చింది. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. గుడ్డలు తడుస్తున్నాయి, నేను మారుస్తున్నాను. కేసు షీటులో "సుమారు 400 మి.లీ." అని రాశాను. మంచం కింద బకెట్‌లో ఎంతుందో చూసుకోలేదు. సీనియర్‌కు ఫోన్ చేసేసరికి నలభై నిమిషాలు దాటింది. ఆమె బతికింది, గర్భసంచి పోయింది. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండు. అంతకు వారం ముందే కాన్పు తర్వాత రక్తస్రావం (పీపీహెచ్) మీద సెమినార్‌లో గంటసేపు తడుముకోకుండా మాట్లాడాను. నాకు తెలియక జరిగింది కాదు. తెలిసింది చేతికీ నోటికీ అందలేదు.

ఇప్పుడు నెల్లూరులో పీజీలకు పని నేర్పుతున్నాను. ప్రతి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడూ నా పట్టుదల ఒక్కటే: ఏ అత్యవసరాన్నీ పీజీ మొదటిసారి పేషెంట్ దగ్గర చూడకూడదు. అంతకుముందే బొమ్మ మీదో, బొప్పాయి మీదో, తోటి పీజీ మీదో పదిసార్లు చూసి ఉండాలి. ఏసీఎస్సార్ ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినా, చింతారెడ్డిపాలెం నారాయణలో చేరినా, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినా ఈ రెండు జిల్లాల పీజీలకు కేసులకు కొదవ ఉండదు. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి వైపు నుంచి నెల్లూరుకు, కనిగిరి, మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు నుంచి ఒంగోలుకు 108లు వస్తూనే ఉంటాయి. కేసులు చూసినంత మాత్రాన శిక్షణ అయిపోదు. అది ఎలా చేయాలో నాకు తెలిసినంతలో వరుసగా చెబుతాను. పీజీలూ చదవండి, నేర్పే అసిస్టెంట్ ప్రొఫెసర్లూ చదవండి.

మొదటి మెట్టు: నైట్ డ్యూటీకి ముందు పద్నాలుగు రోజులు

చేరిన మర్నాడే నైట్ వేయకండి. రోస్టర్‌లో మనుషులు చాలకపోయినా మొదటి రెండు వారాలు సీనియర్ పక్కనే నడిపించండి. ఈ పద్నాలుగు రోజుల్లో పుస్తకం తెరిపించనక్కర్లేదు. మూడు పనులు రావాలి.

ఒకటి, ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఎమర్జెన్సీ ట్రే, చేత్తో ఒత్తి ఊపిరి అందించే అంబూ బ్యాగ్, సక్షన్, రక్తనిధి ఫోన్ నంబర్, లాబ్‌కు శాంపిల్ పట్టుకెళ్లే మనిషి, గర్భసంచి బిగుసుకుని రక్తం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఉండే ఫ్రిజ్. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నెల్లూరు ఎండకు ట్రేలో పొద్దుటి నుంచి పడి ఉన్న ఆంప్యూల్‌ను నమ్మి బాలింత ప్రాణం పెట్టలేం. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసే పని కొత్త పీజీకే ఇవ్వండి, అలవాటవుతుంది.

రెండు, ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ కలపడం. ఫిట్స్ వచ్చిన తల్లి పక్కన నిలబడి లెక్క వేసుకుంటే చేతులు వణుకుతాయి. మన దగ్గర దొరికే ఆంప్యూల్ 50 శాతం, 2 మి.లీ.లో 1 గ్రాము. నాలుగు ఆంప్యూళ్లు, అంటే 8 మి.లీ. తీసుకుని, 12 మి.లీ. సెలైన్ కలిపితే 20 మి.లీ.లో 4 గ్రాములు. దాన్ని ఐదు నిమిషాలకు తగ్గకుండా నిదానంగా నరంలోకి ఎక్కించాలి. తర్వాత ఐదేసి గ్రాములు రెండు పిరుదుల్లోనూ లోతుగా కండరంలోకి. ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఒకవైపు, మరోసారి రెండోవైపు. ప్రతి డోసుకు ముందూ మూడు చూడాలి: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. వస్తోందా. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతంది 10 మి.లీ. ఆ ఆంప్యూల్‌ను మెగ్నీషియం పెట్టెలోనే ఉంచండి, వేరే అల్మారాలో కాదు. ఉత్త నీళ్లతో పది రోజుల పాటు రోజుకోసారి కలిపిస్తే పదకొండో రోజు మాట్లాడుతూనే కలిపేస్తారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఫోన్‌లో మాట్లాడటం. మా రోజుల్లో రాత్రి రెండింటికి సీనియర్‌ను లేపడమంటే నోరు పెగిలేది కాదు. "మేడమ్, సారీ మేడమ్, డిస్టర్బ్ చేస్తున్నాను, ఒక చిన్న డౌట్" అని మొదలుపెడితే అవతల నిద్రలో ఉన్న మనిషికి ప్రమాదం వినిపించదు. పీజీల చేత నేను గట్టిగా పలికిస్తాను: "మేడమ్, పీపీహెచ్. రక్తం 600 దాటింది, పల్స్ 120, బీపీ 90. మీరు రావాలి." ఏమైందో, అంకెలు ఎంతో, ఏం కావాలో, అంతే. సిగ్గు పోయేదాకా తోటివాళ్ల ముందు పలికించండి. నేర్పేవాళ్ల వంతు కూడా ఒకటుంది. ఆ ఫోన్ ఉత్తదే అయినా "ఇంత దానికి లేపావా" అనకూడదు. ఒక్కసారి అంటే ఆ పీజీ మళ్లీ మూడేళ్లు చేయదు.

రెండో మెట్టు: తల్లుల మాట వినడం

ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే పీజీలకు ఇది తప్పనిసరి. మన ఊళ్ల పిల్లలకు కూడా, హాస్టళ్లలో పెరిగినవాళ్లకు, చాలా మాటలు తెలియవు. "నీరు దిగింది" అంటే కాళ్లవాపు. "బిడ్డ మెసలడం లేదు" అంటే ఆ నిమిషమే గుండె చప్పుడు వినాలి. "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి", "గుండెల్లో మంట" అని నెలలు నిండిన మనిషి అంటే ఇడ్లీ పడలేదేమో అనుకోకండి. ముందు బీపీ చూడండి. పెద్దావిడ ఎవరైనా "గుర్రపువాతం" అంటే ఫిట్స్ వచ్చాయని అర్థం. తెల్లబట్ట గురించి అడగాలంటే భర్తనూ అత్తనూ బయటికి పంపాలి.

యానాది కాలనీల నుంచి, నల్లమల చెంచు గూడేల నుంచి వచ్చే అమ్మలు హడావిడిగా అడిగితే మౌనమైపోతారు. ఎవరైనా అంతే. పక్కన కూర్చుని, "యాడ నొస్తోందమ్మా, ఎప్పటి నుంచి?" అని అడిగి, ఆగాలి. పీజీ ఎంతసేపు ఆగగలిగిందో నేను గమనిస్తాను. లేబర్ రూమ్‌లో నొప్పులు పడే మనిషిని కసరడం, తొడ మీద చరచడం ఎక్కడ కనిపించినా అక్కడికక్కడే ఆపండి. అది శిక్షణలో భాగం, పక్కన పెట్టే విషయం కాదు.

పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కాన్పుకు వస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పీజీకి చట్టం తెలియాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కింద సమాచారం ఇవ్వాలి. గర్భస్రావం కోరి వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు అడిగితే ఆ నివేదికలో పేరు, గుర్తింపు వివరాలు బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఇది తెలియక పీజీలు భయపడి పంపించేస్తే ఆ పిల్ల నాటుమందు దగ్గరికి పోతుంది.

మూడో మెట్టు: చెయ్యి తిరగడం

ఖరీదైన సిమ్యులేటర్లు లేవని ఆగకండి. ఎంవీఏ, అంటే చేతి సిరంజితో పీల్చి గర్భసంచిని ఖాళీ చేయడం నేర్పడానికి బొప్పాయి చాలు. కాయ మెడ గర్భాశయ ముఖద్వారంలా, లోపలి గింజల గది గర్భకుహరంలా పనికొస్తుంది. ఎపిసియాటమీ (కాన్పు దారి వెడల్పు చేయడానికి పెట్టే కోత) కుట్టడానికి పాత పరుపు స్పాంజి, పొరలు పొరలుగా కుట్టడానికి మాంసం కొట్టు నుంచి మేక నాలుక. లాప్రోస్కోపీకి అట్టపెట్టె, లోపల ఫోన్ కెమెరా, పట్టుకునే పరికరాలు (గ్రాస్పర్లు) పాతవి రెండు, ఒక గిన్నెలో శనగలు. శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం హాస్యంలా కనిపిస్తుంది కానీ, తెరమీద చూస్తూ చేయి కదపడం అక్కడే వస్తుంది.

నేర్పే పద్ధతికి సర్జన్ పేటన్ 1998లో చెప్పిన నాలుగు దశలను నేను వదలను. మొదట మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపిస్తాను. రెండోసారి చెబుతూ చేస్తాను. మూడోసారి పీజీ చెబుతుంది, ఆమె చెప్పినట్టు నేను చేస్తాను. నాలుగోసారి ఆమే చేస్తుంది. మూడో దశను చాలామంది దాటేస్తారు. ఆమె తలలో ఏముందో మనకు తెలిసేది అక్కడే.

నాలుగో మెట్టు: డ్రిల్లు

అత్యవసరం వచ్చినట్టే నటించి చేసే ఈ సాధన శిక్షణంతటికీ ప్రాణం. వారానికోసారి, చెప్పకుండా, లేబర్ రూమ్‌లోనే. లెక్చర్ హాల్లో కాదు. స్టాఫ్ నర్సులు, ఆయా, అనస్థీషియా పీజీ, రక్తనిధి టెక్నీషియన్ అందరూ ఉండాలి. నిజంగా రక్తం కారినప్పుడు వాళ్లే ఉంటారు కాబట్టి.

రక్తస్రావంతో మొదలుపెట్టండి. కంటి లెక్క ఎప్పుడూ తక్కువే చెబుతుంది. కర్ణాటకలోని బెళగావిలో చేసిన ఒక అధ్యయనంలో కాన్పప్పుడు తల్లి కింద పరిచే కొలత సంచితో పోలిస్తే కంటి అంచనా మూడోవంతు తక్కువ వచ్చింది. అందుకని డ్రిల్‌కు ముందు ఒక ఆట ఆడిస్తాను. బీట్‌రూట్ రంగు కలిపిన నీళ్లు కొలిచి గుడ్డల మీద, బకెట్‌లో, దుప్పటి మీద పోసి ఎంతో రాయమంటాను. ప్రొఫెసర్లు కూడా తప్పుతారు. ఆ రోజు నుంచి కొలత గీతలున్న సంచి ఎందుకు వేయాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

2023లో వెలువడిన ఈ-మోటివ్ పరిశోధన గురించి ప్రతి పీజీకి తెలియాలి. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షలకు పైగా కాన్పులు. కొత్త మందేమీ లేదు. సంచితో కొలిచి ముందే పసిగట్టడం, చికిత్సంతా ఒక్కసారిగా మొదలుపెట్టడం, అంతే. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట తెరవాల్సి రావడం, మరణం, వీటన్నిటినీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి చూద్దామనే మన పాత అలవాటు ఎంత ఖరీదైనదో ఆ అంకె చెబుతుంది.

డ్రిల్‌లో వరుస ఇది. సంచిలో 500 దాటగానే, లేదా 300 దాటి పల్స్, బీపీ తేడాగా ఉన్నా, ఒకరు బిగ్గరగా "పీపీహెచ్" అనాలి. ఒకరు గర్భసంచిని మర్దన చేయాలి. ఒకరు ఆక్సిటోసిన్. ఒకరు రక్తస్రావం తగ్గించే ట్రానెక్జామిక్ ఆమ్లం 1 గ్రాము, పది నిమిషాల్లో నరంలోకి. ఇది కాన్పయిన మూడు గంటల్లోపే పడాలి, ఆ గడువు దాటితే మేలు లేదు. ఒకరు నరంలోకి లావు క్యాన్యులాలు రెండు, ఫ్లూయిడ్లు, క్రాస్ మ్యాచ్‌కు రక్తం. ఒకరు చిరుగులున్నాయా, మాయ పూర్తిగా వచ్చిందా చూడాలి. ఒకరు గడియారం పట్టుకుని రాయాలి. ఈ రాసే మనిషి లేకపోతే డ్రిల్ గందరగోళమే. పల్స్‌ను పై బీపీతో భాగిస్తే 0.9 దాటిందంటే, అంకెలు విడివిడిగా బాగానే కనిపించినా మనిషి మునిగిపోతోందని అర్థం.

ఆగకపోతే గర్భసంచిలో పెట్టి, నింపి, లోపలి నుంచి ఒత్తే బెలూన్. ఖరీదైన బెలూన్ అల్మారాలో లేదని చేతులు కట్టుకోనవసరం లేదు. ఢాకాలో డాక్టర్ సయేబా అఖ్తర్ 2003లో ప్రకటించిన కండోమ్ పద్ధతి మనలాంటి ఆసుపత్రుల కోసమే పుట్టింది: కాథెటర్‌కు కండోమ్ కట్టి, లోపల పెట్టి, సెలైన్‌తో నింపడం. కట్టడం నిమిషంలోపు రావాలి, దారం జారకుండా. నీళ్ల జగ్గులో పెట్టి నింపించి, కారుతోందేమో చూపించండి. కండోమ్, కాథెటర్, దారం, సెలైన్ సెట్టు ఒక పెట్టెలో సీల్ చేసి ఉంచండి.

ఫిట్స్, భుజాలు ఇరుక్కోవడం, బొడ్డుతాడు జారడం, ఎదురుకాళ్ల బిడ్డ, తల్లి గుండె ఆగడం, ఇవన్నీ వంతులవారీగా రావాలి. భుజాల డ్రిల్‌లో ఒక పీజీనే పేషెంట్‌గా పడుకోబెట్టండి. కాళ్లు పొట్ట మీదికి మడిచి పట్టుకుంటే తల్లికి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ల చేతులు తర్వాత మెత్తబడతాయి.

అయ్యాక పది నిమిషాలు కూర్చోవాలి. మొదట ఆయా చెప్పాలి, తర్వాత నర్సు, తర్వాత పీజీ, చివర మేము. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు చూసింది చెప్పరు. ఒకసారి మా ఆయమ్మ "అమ్మా, ఆక్సిజన్ సిలిండర్ తాళం నా కొంగుకుంది, ఎవురూ అడగలా" అంది. ఏ ఇన్‌స్పెక్షనూ అది పట్టుకోలేదు.

ఐదో మెట్టు: ఎప్పుడు కోయాలి, ఎప్పుడు ఆగాలి

మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే అని ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పింది. దేశ సగటు 21.5. కోత నేర్పడం తేలిక. ఆగడం నేర్పడం కష్టం.

నొప్పులు సాగే తీరును ఎప్పటికప్పుడు గుర్తించే పార్టోగ్రాఫ్ కాన్పయ్యాక నింపే కాగితం కాకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ ప్రకారం చురుకైన దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలు. మూడు సెంటీమీటర్ల దగ్గర "నొప్పులు సాగడం లేదు" అని రాసిన కేసు షీటును తిరిగి పంపండి. రౌండ్స్‌లో పీజీని "ఎందుకు సిజేరియన్?" అని అడగొద్దు. "ఇంకో రెండు గంటలు ఆగితే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు పూర్తిగా వేరేగా వస్తుంది.

వారం వారం సిజేరియన్లన్నీ తల్లుల పరిస్థితిని బట్టి విడదీసే రాబ్సన్ పది గుంపుల్లో పెట్టించండి. ఒక్క పట్టిక చాలు. ఐదో గుంపు, అంటే పాత సిజేరియన్ ఉన్నవాళ్లు, పెరుగుతూ పోతుంటే దాని మూలం మొదటి కాన్పుల గుంపుల్లో ఉంటుంది. వాక్యూమ్, ఫోర్సెప్స్ వేయడం వచ్చిన సీనియర్లు రిటైరవుతున్నారు. వాళ్లు ఉండగానే వాళ్ల చేతి కింద పీజీలను నిలబెట్టండి.

ఆపరేషన్ థియేటర్‌లో సిజేరియన్‌ను ముక్కలుగా నేర్పండి. చర్మం కుట్టు, పొట్ట మూయడం, గర్భసంచి కుట్టు, పొట్ట తెరవడం, చివరికి బిడ్డను తీయడం. మూసే పనులు ముందు, తెరిచే పనులు తర్వాత. ప్రతి ముక్కా ఒకే మనిషి చూసి సంతకం పెట్టాకే తర్వాతది. తల లోతుగా ఇరుక్కున్న బిడ్డ విషయంలో పట్వర్ధన్ పద్ధతి, భుజాలు ముందు తీసి తల చివర తీయడం, 1957లో మన దేశం నుంచే వచ్చింది. బొమ్మ మీద చేయించకుండా ఎవరినీ దానికి దింపకండి.

ఆరో మెట్టు: రిఫరల్ చీటీ

108 దిగిన ప్రతి తల్లి చేతిలో ఒక చీటీ ఉంటుంది. పీజీలు దాన్ని చదవకుండా కేసు షీటు వెనక పిన్ చేస్తారు. ఏ మందు ఎప్పుడు ఇచ్చారో, ఎన్నింటికి బయల్దేరారో అందులోనే ఉంటుంది. ఉదయగిరిలో పడిన మెగ్నీషియం డోసు నెల్లూరులో మళ్లీ పడటం ఇలాగే జరుగుతుంది.

నేను పెట్టిన నియమం: మర్నాడు అదే పీజీ ఆ పీహెచ్‌సీ డాక్టర్‌కు ఫోన్ చేయాలి. "అన్నా, మీరు పంపిన అమ్మ బాగుంది. మగబిడ్డ. మీరు డోసు వేసి పంపడం మంచిదైంది." తప్పు జరిగి ఉంటే మొదట బాగు చెప్పి తర్వాత అది చెప్పాలి. రెండు నిమిషాల పని. ఆరు నెలల్లో చీటీల మీద రాత మారుతుంది. మన తిట్లకు ఎప్పుడూ మారలేదు.

పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేసే జిల్లా రెసిడెన్సీ మూడు నెలలు కూడా ఇందుకే. పీజీలు దాన్ని సెలవుగా చూస్తారు, లేదా శిక్షగా. జిల్లాకు వెళ్లినప్పుడు నెలలో 9వ తేదీన జరిగే సురక్షిత మాతృత్వ శిబిరంలో కూర్చోండి. ఏఎన్ఎం వెంట ఒక ఊరు తిరగండి. ఐరన్ మాత్రలు ఎందుకు మింగడం లేదో వంటింట్లో అడిగితే తెలుస్తుంది, ఓపీలో తెలియదు.

ఏడో మెట్టు: గర్భసంచి తీయమని వచ్చే మనిషి

గైనిక్ ఓపీలో మన జిల్లాల ప్రత్యేక సమస్య ఇది. ముప్పై ఐదేళ్ల మనిషి, ట్యూబెక్టమీ ఎప్పుడో అయింది, తెల్లబట్ట, నడుంనొప్పి. "ఇంకెందుకమ్మా ఆ సంచి, తీసేయండి, క్యాన్సరొస్తదంట" అంటుంది. వరినాట్లకు, రొయ్యల షెడ్లకు పోయే మనిషికి నెలకు ఐదు రోజులు కూలి పోవడం చిన్న విషయం కాదు. ఆమె భయాన్ని తీసిపారేయకుండా, కత్తీ తీయకుండా నడిపించడం పీజీకి రావాలి.

పద్ధతి: స్పెక్యులమ్ వేసి చూడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ జాడ కోసం వీఐఏ చెయ్యి, అంటే ఆసిటిక్ ఆమ్లం పూసి నిమిషం ఆగి చూడు. హీమోగ్లోబిన్ చూడు. అవసరమైతే స్కాన్, గర్భసంచి లోపొర (ఎండోమెట్రియం) బయాప్సీ. మందులు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం లాంటివి మొదట. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా పోతే ఎముకలకు, గుండెకు ఏమవుతుందో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. ఈ సంభాషణను పీజీ నా ముందు చేయాలి, నేను మాట్లాడను. శస్త్రచికిత్స నిజంగా కావలసినవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆలస్యం చేయకూడదు. తేడా పట్టగలిగిందా అన్నదే నా మార్కు.

లాగ్‌బుక్, థీసిస్, నిద్ర

లాగ్‌బుక్ రోజూ రాయండి, నెలాఖరున కాదు. "సహాయం చేశాను", "చూస్తుండగా చేశాను", "సొంతంగా చేశాను" అని మూడు గడులు వేరుగా ఉండాలి. థీసిస్ ఫైనల్ పరీక్షకు ఆరు నెలల ముందే ఇవ్వాలి కాబట్టి మొదటి ఏడాది లోపే అంశం తేల్చుకోండి. మన వార్డులో జవాబు దొరికే ప్రశ్న ఎంచుకోండి: రిఫరల్‌లో ఆలస్యం ఎక్కడ జరుగుతోంది, నరంలో ఐరన్ వేయించుకున్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారు, ఇలాంటివి.

నిద్ర గురించి గట్టిగా చెబుతాను. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో తగినంత విశ్రాంతి, వారపు సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు రాసి ఉన్నాయి. ముప్పై ఆరు గంటలు మేల్కొన్న పీజీ చేత గర్భసంచి కుట్టించడం ఆ తల్లికి అన్యాయం. డ్యూటీ అప్పగింత మంచం పక్కన జరగాలి, ఫోన్‌లో కాదు: ఎవరు, ఏమైంది, నాకు ఏం భయంగా ఉంది, నువ్వు ఎన్నింటికి ఏం చూడాలి. నెలకోసారి, చావు అంచు దాకా వెళ్లి బతికిన కేసులను అందరూ కూర్చుని చర్చించాలి. ఆ గదిలో "ఎవరు చేశారు" అన్న ప్రశ్న ఉండకూడదు. నా మొదటి ఏడాదిలో గర్భసంచి పోయిన ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి కేసు మీద అప్పట్లో అలాంటి మీటింగ్ జరగలేదు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కు ఆ కేసును నా పేరుతోనే నేనే చెబుతాను.

మూడో ఏడాది పీజీలు డ్రిల్లులు నడపాలి, మేము వెనక నిలబడతాం. వాళ్లు పరీక్షలకు వెళ్లే ముందు పీపీహెచ్ పెట్టె తాళంచెవిని కొత్తగా చేరిన పీజీకి అప్పగించాలి. ఇచ్చేముందు పెట్టె విప్పించి, ట్రానెక్జామిక్ ఆంప్యూళ్ల గడువు తేదీలు చదివించి, తగ్గినవి ఆమె చేతే రిజిస్టర్‌లో రాయించాలి.